సూచీ ఎక్కడ, వృద్ధి ఎక్కడ?

2007లో ప్రపంచంలో అన్నిటికంటే వేగంగా పరుగెత్తిన స్టాక్ మార్కెట్లలో జింబాబ్వే రాజధాని హరారేది ఒకటి. సూచీ, అంటే షేర్ల ధరలు మొత్తంగా ఎటు కదులుతున్నాయో చెప్పే అంకె, అదొక్కటే చూసినవాళ్లకు ఆ దేశం ఎక్కడికో వెళ్లిపోతున్నట్టు కనబడాలి. అదే ఏడాది అక్కడి దుకాణాల్లో సరుకుల్లేవు, ఫ్యాక్టరీలు మూతపడుతున్నాయి, ఆర్థిక వ్యవస్థ అప్పటికే ఏళ్ల తరబడి కుంచించుకుపోతోంది. కారణం తెలిస్తే ఇందులో వింతేమీ లేదు. చేతిలోని నోటు వచ్చే నెలకి ఎందుకూ కొరగాదని తెలిసిన జనం, నోటు తప్ప ఏదైనా సరే కొనిపెట్టుకోవాలనుకున్నారు. బ్యాంకులో వేసిన డిపాజిట్ కరిగిపోతుంది. కంపెనీ షేరు వెనక కనీసం ఒక గోడౌనో, నాలుగు యంత్రాలో, కాస్త స్థలమో ఉంటుంది. అలా అందరూ షేర్ల మీద పడ్డారు. అక్కడ షేరు పెరగడమంటే కరెన్సీ పడిపోవడానికి ఇంకో పేరు. 2008 నవంబర్‌కల్లా ట్రేడింగే ఆగిపోయింది.

చైనా కథ దీనికి పూర్తిగా తలకిందులు. షాంఘై కాంపోజిట్ సూచీ 2007 అక్టోబర్‌లో 6,124 పాయింట్లు తాకింది. పదిహేనేళ్లు గడిచి 2022 చివరికి వచ్చినా అది అందులో సగం దగ్గరే తచ్చాడుతోంది. ఆ పదిహేనేళ్లలో చైనా జీడీపీ, డాలర్లలో లెక్కేస్తే, దాదాపు ఐదు రెట్లయింది. అంత పెద్ద ఎదుగుదల జరిగిన దేశంలో సూచీని నమ్ముకున్న సామాన్య మదుపరికి దక్కింది దాదాపు శూన్యం.

రెండు కథల్నీ పక్కపక్కన పెడితే, టీవీల్లో రోజూ వినబడే ‘మార్కెట్ దూసుకెళ్తోంది, దేశం దూసుకెళ్తోంది’ అనే మాట మీద అనుమానం రావాలి. ఇవేవో అరుదైన మినహాయింపులు కూడా కావు. అమెరికన్ ఆర్థికవేత్త జే రిటర్ 2005లో 16 దేశాల శతాబ్దపు లెక్కలు, అంటే 1900 నుంచి 2002 దాకా, తీసి చూశారు. తలసరి ఆదాయం వేగంగా పెరిగిన దేశాల్లో షేర్ల మీద రాబడి ఎక్కువ ఉండాలి కదా? ఉండకపోగా, సంబంధం కాస్త వ్యతిరేక దిశలోనే తేలింది. ఆలోచిస్తే అర్థమవుతుంది. వృద్ధి ఫలం ఇప్పటికే మార్కెట్లో ఉన్న కంపెనీల వాటాదారులకే పోవాలని ఎక్కడా లేదు. అది తక్కువ ధరల రూపంలో కొనేవాళ్లకు పోవచ్చు, జీతాల రూపంలో పనిచేసేవాళ్లకు పోవచ్చు, ఇంకా మార్కెట్లోకే రాని కొత్త కంపెనీలకు పోవచ్చు. పైగా ఫలానా దేశం పెరుగుతుందని లోకమంతటికీ తెలిసిపోతే, ఆ ఆశ ముందుగానే షేరు ధరలోకి ఎక్కి కూర్చుంటుంది. తర్వాత కొన్నవాడికి మిగిలేది తక్కువ.

కాబట్టి సూచీని పక్కనబెట్టి అసలు విషయానికి రావాలి. వర్ధమాన దేశానికి స్టాక్ మార్కెట్ వల్ల ఒరిగేదేమిటి? ఒరిగితే, ఏ దారిలో ఒరుగుతుంది?

డబ్బు ఎవరికి వెళ్తుంది?

ఒకాయన ఈరోజు మార్కెట్లో ఒక సిమెంటు కంపెనీ షేరు కొన్నాడనుకుందాం. ఆ డబ్బులో ఒక్క పైసా కూడా సిమెంటు కంపెనీకి చేరదు. నిన్నటిదాకా ఆ షేరు పట్టుకుని ఉన్న ఇంకొకాయనకు చేరుతుంది. కంపెనీకి డబ్బు వచ్చేది కొత్త షేర్లు జారీ చేసినప్పుడే. రోజూ జరిగే కొనుగోళ్లూ అమ్మకాలూ అన్నీ పాత షేర్లు చేతులు మారడమే. ఈ తేడా అందరికీ తెలిసినట్టే ఉంటుంది గానీ, మాటల్లోకి వచ్చేసరికి మరిచిపోతుంటారు.

పబ్లిక్ ఇష్యూ (ఐపీఓ), అంటే కంపెనీ షేర్లు మొదటిసారి జనానికి అమ్మడం, అన్నంత మాత్రాన కూడా కంపెనీకి డబ్బు వస్తుందని కాదు. 2008లో కెన్యాలో సఫారికామ్ ఇష్యూ వచ్చింది. అంతకు ముందు ఏడాదే ఫోన్ ద్వారా డబ్బు పంపే ఎం-పెసా సేవ మొదలుపెట్టిన మొబైల్ కంపెనీ అది. జనం ఎగబడ్డారు, లక్షల మంది జీవితంలో మొదటిసారి షేరుదారులయ్యారు. అమ్మింది వెయ్యి కోట్ల షేర్లు, ఒక్కోటి 5 షిల్లింగులకు. కానీ అవి కెన్యా ప్రభుత్వం చేతిలోని షేర్లు. వచ్చిన 5,000 కోట్ల షిల్లింగులు ఖజానాకు వెళ్లాయి, కంపెనీ టవర్లకు కాదు. ఇది తప్పని కాదు, ప్రభుత్వానికీ డబ్బు కావాలి. అయితే ‘మార్కెట్ ద్వారా పరిశ్రమకు పెట్టుబడి’ అనే లెక్కలో దీన్ని వేసుకోవడం కుదరదు. ప్రమోటర్లు, తొలినాటి మదుపరులు తమ వాటా అమ్ముకుని బయటపడే ఐపీఓలన్నిటికీ ఇదే వర్తిస్తుంది. ఐపీఓల సందడి చూసి దేశంలో పెట్టుబడి పొంగుతోందని మురిసిపోయే ముందు, అందులో కొత్త షేర్లు ఎన్ని, పాతవి ఎన్ని అని ఒకసారి చూడటం మంచిది.

మరి పాత షేర్ల చేతిమార్పిడి అంతా ఉత్త కాలక్షేపమేనా? అక్కడే అసలు సంగతి ఉంది. కొత్త ఫ్యాక్టరీకి డబ్బు పదేళ్లు, ఇరవయ్యేళ్లు కావాలి. మనిషికి మాత్రం తన డబ్బు ఎప్పుడు అవసరమొస్తుందో తెలియదు. పెళ్లి రావచ్చు, జబ్బు రావచ్చు. అవసరమైన రోజున అమ్ముకోవడానికి దారి లేకపోతే ఎవరూ ఇరవయ్యేళ్ల పెట్టుబడిలో డబ్బు పెట్టరు. స్టాక్ మార్కెట్ చేసే గారడీ ఇదే: మదుపరి ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు, డబ్బు మాత్రం ఫ్యాక్టరీలోనే ఉండిపోతుంది. పాత షేరు సులువుగా అమ్ముడుపోతుందన్న నమ్మకం మీదే కొత్త షేరు అమ్ముడుపోతుంది. చెరువు ఎంత పెద్దదన్నది ఒక్కటే కాదు, తూము పనిచేస్తుందా లేదా అన్నది చూడాలి. తూము పూడిపోయిన చెరువు ఎంత నిండినా పొలం తడవదు.

దీన్నే లెక్కల్లో పట్టుకున్నది ఆర్థికవేత్తలు రాస్ లెవిన్, సారా జెర్వోస్. 47 దేశాల 1976 నుంచి 1993 దాకా గణాంకాలతో 1998లో వాళ్లు తేల్చిన విషయం ఇప్పటికీ ఈ చర్చకు కేంద్రం. మార్కెట్ సైజు, అంటే జీడీపీతో పోల్చితే మొత్తం షేర్ల విలువ, తర్వాతి వృద్ధిని ముందే సూచించలేదు. షేర్లు ఎంత సులువుగా చేతులు మారుతున్నాయన్నది మాత్రం సూచించింది. బ్యాంకింగ్ ఎంత ఎదిగిందన్నదీ సూచించింది. ఈ రెండూ ఒకదాని పని ఒకటి లాక్కోలేదు, ఒకదానికొకటి తోడయ్యాయి.

సైజు ఎందుకు లెక్కలోకి రాదో అర్థం కావాలంటే దక్షిణాఫ్రికా చూస్తే చాలు. 1886లో బంగారం దొరికితే, మరుసటి ఏడాదే జోహన్నెస్‌బర్గ్‌లో స్టాక్ ఎక్స్‌ఛేంజ్ వచ్చింది. ఈరోజు జీడీపీతో పోల్చితే ప్రపంచంలోనే పెద్ద మార్కెట్లలో అదొకటి. అక్కడి షేర్ల మొత్తం విలువ దేశపు వార్షికోత్పత్తికి రెట్టింపు పైనే. వృద్ధి చూస్తే గత దశాబ్దమంతా నత్తనడక. నిరుద్యోగం 30 శాతం దాటి ఉంది. ఈ తేడా ఎలా వచ్చిందనడానికి ఒక్క కంపెనీ చరిత్ర సరిపోతుంది. నాస్పర్స్ అనే అక్కడి మీడియా సంస్థ 2001లో మూడు కోట్ల డాలర్లు కాస్త అటూ ఇటూ పెట్టి, ఎవరికీ పెద్దగా తెలియని ఒక చైనా ఇంటర్నెట్ కంపెనీలో దాదాపు సగం వాటా కొంది. ఆ కంపెనీ టెన్సెంట్. తర్వాతి ఇరవయ్యేళ్లలో ఆ వాటా విలువ కొండలా పెరిగి, నాస్పర్స్ జోహన్నెస్‌బర్గ్ మార్కెట్లో పెద్ద దిక్కయింది. అంటే షాంఘై సూచీలో కనబడని చైనా వృద్ధి కొంత దక్షిణాఫ్రికా సూచీలో కనబడింది. దానివల్ల జోహన్నెస్‌బర్గ్‌ను ఆనుకున్న పేదల బస్తీ సొవెటోలో ఉద్యోగాలేమీ రాలేదు.

కోడి ముందా, గుడ్డు ముందా

బ్యాంకులూ మార్కెట్లూ ముందా, వృద్ధి ముందా అన్న విషయంలో ఆర్థికవేత్తలు నూరేళ్లకు పైగా తగువు పడుతున్నారు. జోసెఫ్ షుంపీటర్ 1911లోనే కొత్త పరిశ్రమను నిలబెట్టేది రుణమిచ్చేవాడేనని వాదించాడు. జోన్ రాబిన్సన్ 1952లో దాన్ని తిరగేసింది: వ్యాపారం ముందు నడుస్తుంది, డబ్బు వెనకాల నడిచి వస్తుంది అన్నది ఆమె వాదం సారాంశం. 1966లో హ్యూ పాట్రిక్ ఇద్దరికీ చోటిచ్చాడు. ఆరంభంలో ఆర్థిక సంస్థలు దారి తీస్తాయి, తర్వాత్తర్వాత అవసరం వాటిని లాక్కెళ్తుంది అన్నాడు. స్టాక్ మార్కెట్ వరకు చూస్తే మాత్రం, ఆసియా అనుభవం పాట్రిక్ చెప్పిన వరుసకు సరిపడదు.

వియత్నాం సంస్కరణలు మొదలుపెట్టింది 1986లో. 1990ల నడిమికి ఏటా 8 శాతం పైగా పెరుగుతోంది. అప్పటికి ఆ దేశంలో స్టాక్ ఎక్స్‌ఛేంజే లేదు. హోచిమిన్ సిటీలో 2000 జులైలో తెరిచారు, అదీ రెండంటే రెండు కంపెనీలతో. చైనాదీ అంతే. 1978 నుంచి పన్నెండేళ్లు మార్కెట్ లేకుండానే పెరిగింది, 1990 డిసెంబర్‌లో షాంఘై ఎక్స్‌ఛేంజ్ తెరిచింది. దక్షిణ కొరియాలో 1956 నుంచే మార్కెట్ ఉంది గానీ, 1960లలో పరిశ్రమలకు డబ్బు వచ్చింది ప్రభుత్వం చెప్పుచేతల్లోని బ్యాంకుల నుంచి. ఎగుమతి చేసినవాడికి తక్కువ వడ్డీకి అప్పు, చేయనివాడికి మొండిచెయ్యి. షేర్లు జనానికి అమ్మమని ప్రభుత్వం 1972లో చట్టం తెచ్చి మరీ కంపెనీల వెంటపడాల్సి వచ్చింది. కుటుంబ యజమానులకు అది ఇష్టం లేదు, బ్యాంకు అప్పు చవగ్గా దొరుకుతుంటే వాటా ఎవడికి కావాలి?

ఆరంభ దశలో మార్కెట్ ఎందుకు అవసరం పడదు? ఆ దశలో చేయాల్సిన పనులు తెలిసిన పనులే. బట్టల మిల్లు, ఉక్కు కర్మాగారం, ఓడరేవు. వేరే దేశాలు ఎప్పుడో చేసి చూపించినవి. వాటికి స్థలం ఉంటుంది, యంత్రాలు ఉంటాయి, తనఖా పెట్టుకోవచ్చు. బ్యాంకు ఇలాంటివాటికి బాగానే అప్పిస్తుంది. దేశం కాస్త పైకి వచ్చాక చేయాల్సినవి తెలియని పనులు. మందు కనిపెట్టాలి, సాఫ్ట్‌వేర్ రాయాలి, చిప్ డిజైన్ చేయాలి. తనఖా పెట్టడానికి అక్కడ ఇంజనీర్ల బుర్రలు తప్ప ఏమీ ఉండవు. పదింటిలో ఎనిమిది మునుగుతాయి. బ్యాంకుకు ఇది గిట్టదు, ఎందుకంటే తేలిన రెండింటి నుంచీ దానికి వచ్చేది వడ్డీ మాత్రమే. వాటాదారుడికైతే తేలిన రెండూ మునిగిన ఎనిమిదింటినీ పూడ్చగలవు. మార్కెట్ అవసరం నిజంగా పడేది ఇక్కడ.

తైవాన్‌లో ఈ మలుపు కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. అక్కడి సూచీ 1986లో వెయ్యి దగ్గర ఉండేది. 1990 ఫిబ్రవరికి 12,682కి వెళ్లింది. అదే ఏడాది అక్టోబర్‌కి 2,485కి పడింది. పచ్చిగా చెప్పాలంటే అదొక జూదశాల. అలాగని ఆ దేశపు వృద్ధి ఆగిపోలేదు, ఎగుమతులు చేసే చిన్న చిన్న కంపెనీలు ఆ మార్కెట్ మీద ఆధారపడి లేవు గనక. మరోపక్క 1987లో చిప్‌లు తయారుచేసే టీఎస్‌ఎమ్‌సీ పుట్టింది. దానికి తొలి పెట్టుబడి ఏ మార్కెట్టూ ఇవ్వలేదు. ప్రభుత్వం, డచ్చి కంపెనీ ఫిలిప్స్ ఇచ్చాయి. కానీ 1994లో అది తైపే మార్కెట్లో నమోదైంది. అమెరికా నుంచి ఇంజనీర్లను వెనక్కి రప్పించడానికి తైవాన్ చిప్ కంపెనీలు జీతంతో పాటు షేర్లు బోనస్‌గా ఇచ్చేవి. అమ్ముకోవడానికి మార్కెట్ లేకపోతే ఆ బోనస్ చిత్తు కాగితమే. నాలుగేళ్ల ముందు జూదశాలగా పేరుపడ్డ మార్కెట్టే ఇలా ఒక కొత్త పరిశ్రమకు ఆసరా అయింది. అన్నట్టు, ఆ 12,682ను సూచీ మళ్లీ దాటడానికి 2020 దాకా పట్టింది.

ఆర్థిక సంస్థలకూ వృద్ధికీ సంబంధం ఉన్నా, ఏది కారణం ఏది ఫలితం అన్నది తేల్చడం కష్టం. 1998లో ఆర్థికవేత్తలు రఘురామ్ రాజన్, లూయిజీ జింగాలెస్ దీనికి తెలివైన దారి కనిపెట్టారు. దేశాల్ని మొత్తంగా పోల్చడం మానేసి, దేశంలోని పరిశ్రమల్ని పోల్చారు. కొన్ని పరిశ్రమలు స్వభావరీత్యా బయటి డబ్బు మీద ఎక్కువ ఆధారపడతాయి, మందుల తయారీ అలాంటిది. పొగాకు లాంటివి తమ లాభాలతోనే నడిచిపోతాయి. ఆర్థిక సంస్థలు ఎదిగిన దేశాల్లో మొదటి రకం పరిశ్రమలు రెండో రకం కంటే వేగంగా పెరిగితే, సంస్థల పాత్ర ఉన్నట్టే. పెరిగాయి. వాళ్ల కొలతలో బ్యాంకులూ మార్కెట్టూ కలిసే ఉన్నాయి. అయినా ‘డబ్బు ఉత్తినే వెనకాల నడుస్తుంది’ అన్న వాదానికి ఇది గట్టి జవాబు.

నైజీరియా: అప్పు చేసి షేరు కొంటే

మార్కెట్ వృద్ధికి తోడ్పడకపోగా ఎదురు తిరిగే సందర్భాలూ ఉన్నాయి. నైజీరియా అనుభవం దీనికి పాఠ్యపుస్తకంలా ఉంటుంది.

2004లో అక్కడి కేంద్ర బ్యాంకు ఒక మంచి ఉద్దేశంతో ఒక ఆదేశం ఇచ్చింది. బ్యాంకుల కనీస మూలధనం 200 కోట్ల నైరాల నుంచి 2,500 కోట్ల నైరాలకు పెంచాలి, గడువు 2005 చివరి దాకా. అంత డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? మార్కెట్ నుంచే. బ్యాంకులు విలీనమయ్యాయి, 89 కాస్తా 25 అయ్యాయి, మిగిలినవి వరసగా షేర్లు జారీ చేశాయి. జనం కొన్నారు. పాఠాల్లో చెప్పినట్టే జరిగింది: పొదుపు మార్కెట్లోకి వచ్చింది, సంస్థలు బలపడ్డాయి.

తర్వాత కథ అడ్డం తిరిగింది. చేతినిండా మూలధనం వచ్చిపడ్డ బ్యాంకులకు దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. కరెంటు సరిగా లేని, రోడ్లు సరిగా లేని చోట ఫ్యాక్టరీకి అప్పివ్వడం పెద్ద టెన్షన్. షేర్లు తాకట్టు పెట్టుకుని షేర్లు కొనడానికి అప్పివ్వడం సులువు. ధర పెరుగుతున్నంత కాలం తాకట్టు విలువా పెరుగుతుంది, ఇంకాస్త అప్పు ఇవ్వొచ్చు, ఆ అప్పుతో ధర ఇంకాస్త పెరుగుతుంది. కొన్ని బ్యాంకులు తమ సొంత షేర్లు కొనడానికే అప్పులిచ్చాయి. అంటే జనం నుంచి తెచ్చామని చూపించిన మూలధనంలో కొంత తమ డబ్బే చుట్టూ తిరిగి వచ్చింది. సూచీ 2008 మార్చిలో 66,000 దాటింది. ఏడాది తిరక్కుండా అందులో మూడింట రెండు వంతులకు పైగా కరిగిపోయింది. 2009లో కేంద్ర బ్యాంకు ఎనిమిది బ్యాంకుల అధిపతుల్ని తప్పించి, 62,000 కోట్ల నైరాలు పోసి వాటిని నిలబెట్టింది. మొండి బాకీలు కొనడానికి 2010లో ఆమ్‌కాన్ అనే ప్రత్యేక సంస్థ పెట్టాల్సి వచ్చింది.

ఇందులో గమనించాల్సింది పతనం కాదు, అంతకు ముందటి నాలుగేళ్లు. కొలతలన్నీ బాగున్న కాలం అది. మార్కెట్ విలువ పెరిగింది, టర్నోవర్ (షేర్ల చేతిమార్పిడి) పెరిగింది, మదుపరుల సంఖ్య పెరిగింది. లెవిన్, జెర్వోస్ కొలతతో చూసినా మంచి మార్కులే పడతాయి. తూము తెరిచే ఉంది, నీళ్లూ పారాయి, అయితే పొలానికి పోకుండా మళ్లీ చెరువులోకే పారాయి. ఉత్పత్తికి అడ్డంకి ఎక్కడుందో అక్కడ, అంటే కరెంటులో, రోడ్లలో, కోర్టుల్లో, మార్పు రాకుండా డబ్బు ఒక్కటే పెరిగితే అది ఇలాంటి దారే వెతుక్కుంటుంది.

కేంబ్రిడ్జిలో పనిచేసిన అజిత్ సింగ్ 1997లోనే ఈ ప్రమాదం గురించి హెచ్చరించారు. వర్ధమాన దేశాల షేర్ల ధరలు ఊగిసలాటలో ఉంటాయి కాబట్టి అవి ఇచ్చే సంకేతాలు నమ్మదగ్గవి కావని, షేర్ల పతనమూ కరెన్సీ పతనమూ ఒకదాన్నొకటి లాక్కుంటూ పడతాయని ఆయన వాదం. థాయ్‌లాండ్‌లో అదే జరిగింది. అక్కడి సూచీ 1994 జనవరిలో 1,753 దగ్గర ఉండగా, 1997 జులైలో థాయ్ కరెన్సీ బాత్ విలువ పడిపోయాక జారుతూ జారుతూ 1998 సెప్టెంబర్‌కి 207కి చేరింది. విదేశీ మదుపరి బయటికి వెళ్లాలంటే ముందు షేరు అమ్మాలి, తర్వాత స్థానిక కరెన్సీ అమ్మాలి. కరెన్సీ పడుతుందన్న భయంతో షేరు అమ్ముతాడు, ఆ అమ్మకమే కరెన్సీని పడేస్తుంది.

అలాగని విదేశీ డబ్బుకు తలుపులు మూసెయ్యాలని ఎవరైనా అంటే దానికీ ఆధారం చాలదు. గీర్ట్ బెకార్ట్, క్యాంప్‌బెల్ హార్వీ, క్రిస్టియన్ లండ్‌బ్లాడ్ 2005లో చేసిన అధ్యయనం ప్రకారం, షేర్ మార్కెట్‌ను విదేశీయులకు తెరిచిన దేశాల్లో వార్షిక వృద్ధి రేటు సగటున 1 శాతం పాయింటు మేర పెరిగింది. సంస్థలు బాగున్న చోట ఫలితం ఎక్కువ. ఎంత తెరవాలన్న దానికంటే ఎప్పుడు, ఎలాంటి డబ్బుకు తెరవాలన్నది పెద్ద ప్రశ్న. 1991లో చిలీ వేసిన నిబంధన ఈ కోణంలో ఆసక్తికరం. వచ్చే విదేశీ డబ్బులో కొంత భాగాన్ని వడ్డీ లేకుండా కేంద్ర బ్యాంకు దగ్గర ఉంచాలన్నారు. పదేళ్లు ఉండేవాడికి అది పెద్ద భారం కాదు, మూడు నెలల్లో పోదామనుకున్నవాడికి మాత్రం గిట్టుబాటు కాదు.

నియమాలు కాగితం మీద, కోర్టులో

కమ్యూనిజం పోయాక పక్కపక్క దేశాలు రెండు చేసిన ప్రయోగం, మార్కెట్‌ను నిలబెట్టేది ఏమిటో చూపిస్తుంది. పోలండ్ 1991 ఏప్రిల్‌లో వార్సా ఎక్స్‌ఛేంజ్ తెరిచింది. ఐదు కంపెనీలు. నడిపింది పాత కమ్యూనిస్టు పార్టీ కార్యాలయ భవనంలో, చరిత్రకు హాస్యం తెలుసన్నమాట. తెరవడానికి ముందే సెక్యూరిటీల చట్టం, నియంత్రణ కమిషన్ సిద్ధం చేసుకున్నారు. కంపెనీలు లెక్కలు బయటపెట్టాలి, బ్రోకర్లు లైసెన్సు తీసుకోవాలి, తప్పు చేస్తే కమిషన్ ఊరుకోదు.

చెక్ రిపబ్లిక్ ఇంకో దారి పట్టింది. ప్రభుత్వ కంపెనీల షేర్లను, వాటికి మార్చుకోదగ్గ వోచర్ల (కూపన్ల) రూపంలో ప్రజలకు పంచిపెట్టింది. ప్రాగ్ మార్కెట్లోకి వెయ్యికి పైగా కంపెనీలు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. నియమాలు పెద్దగా అక్కర్లేదు, మార్కెట్టే అన్నీ చూసుకుంటుందన్నారు. చూసుకున్నది మార్కెట్ కాదు, పెద్ద వాటా చేతిలో ఉన్నవాళ్లు. కంపెనీ ఆస్తుల్ని తమ వేరే కంపెనీలకు కారుచవకగా అమ్మేసి, చిన్న వాటాదారులకు ఖాళీ డొల్ల మిగిల్చారు. ఈ దోపిడీకి ‘టన్నెలింగ్’ అన్న పేరు అక్కడే పుట్టి, ఆ తర్వాత ఆర్థిక శాస్త్ర పదమైపోయింది. చెక్ ప్రభుత్వం నియంత్రణ కమిషన్ పెట్టేసరికి 1998 వచ్చింది. అప్పటికే వందల కంపెనీల పేర్లు మార్కెట్ జాబితాలోంచి తీసేశారు. కొత్త కంపెనీలు డబ్బు కోసం ప్రాగ్ మార్కెట్‌కు రావడం ఆ దశాబ్దంలో దాదాపు లేనట్టే. ఐదు కంపెనీలతో మొదలైన వార్సా మాత్రం పెరుగుతూ పోయింది.

చట్టం ఉండటం వేరు, దాన్ని వాడటం వేరు. ఉత్పల్ భట్టాచార్య, హజెమ్ దౌక్ 2002లో ప్రచురించిన లెక్క ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. 1998 చివరికి 103 దేశాల్లో స్టాక్ మార్కెట్లున్నాయి. 87 దేశాల్లో ఇన్‌సైడర్ ట్రేడింగ్, అంటే కంపెనీ లోపలి రహస్యం తెలిసినవాళ్లు షేర్లు కొనడం, అమ్మడం, దాని నిషేధ చట్టం ఉంది. ఆ చట్టం కింద ఒక్కరి మీదైనా కేసు పెట్టింది 38 దేశాలు మాత్రమే. చట్టం తేవడం వల్ల కంపెనీలకు మూలధన ఖర్చు, అంటే మదుపరుల డబ్బు తెచ్చుకోవడానికి అయ్యే ఖర్చు, తగ్గలేదు. మొదటి కేసు పెట్టాక తగ్గింది. మదుపరి చట్టం చదివి నమ్మడు, ఎవడో ఒకడు బోనెక్కడం చూశాక నమ్ముతాడు.

అంత ఆర్భాటం లేని పనులు కూడా ఎంతో మేలు చేస్తాయి. భారత్‌లో 1990ల నడిమి దాకా షేర్లంటే కాగితాలు. దొంగ సర్టిఫికెట్లు, సంతకం కలవలేదని వెనక్కి వచ్చేవి, పోస్టులో పోయేవి. 1996లో షేర్లను కాగితాలు లేకుండా కంప్యూటర్ ఖాతాలో ఉంచే డీమ్యాట్ వచ్చాక ఆ రొష్టంతా పోయింది. సెటిల్‌మెంట్‌ను, అంటే షేర్లూ డబ్బూ ఇచ్చిపుచ్చుకోవడాన్ని, ఒక గడువు నుంచి ఇంకో గడువుకు వాయిదా వేసుకుంటూ అప్పు మీద బండి నడిపే బద్లా పద్ధతిని 2001లో ఆపేశారు. 2023 జనవరికల్లా అన్ని షేర్లకూ మర్నాడే సెటిల్‌మెంట్. ఇది చాలా ధనిక దేశాల కంటే ముందు. కానీ అదే సాఫీ యంత్రాంగం మీద ఇంకోటీ పెరిగింది. షేర్ల, సూచీల రేపటి ధర మీద ఒప్పందాలైన ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లో 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో 93 శాతం వ్యక్తిగత ట్రేడర్లు నష్టపోయారని, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటిందని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే లెక్క తేల్చింది. అంత చలామణీలో ఒక్క రూపాయి కూడా ఏ కంపెనీ పెట్టుబడిగానూ మారలేదు. టర్నోవర్ మంచిదే అన్న సూత్రానికి ఇక్కడ హద్దు కనబడుతుంది. షేరు అమ్ముకునే వీలుకూ, గంటకోసారి పందెం వేసుకునే వీలుకూ మధ్య గీత ఎక్కడ గీయాలో ఏ అధ్యయనమూ చెప్పలేదు. నియంత్రణ సంస్థలు తడుముకుంటూ గీస్తున్నాయి.

ఊగిసలాటను తగ్గించేది ఇంకొకటుంది, దేశంలోని దీర్ఘకాలిక డబ్బు. పింఛను నిధులు, బీమా సంస్థలు, నెలనెలా వచ్చే మ్యూచువల్ ఫండ్ మదుపు. విదేశీయులు ఒక్కసారిగా అమ్ముతున్నప్పుడు కొనేవాడు లోపల ఉండాలి. చిలీ 1981లో పింఛన్లను ప్రైవేటు నిధులకు అప్పగించాక అలాంటి కొనుగోలుదారులు తయారయ్యారు. పింఛను అందాల్సిన ముసలివాళ్లకు ఆ పద్ధతి ఎంత మేలు చేసిందన్నది వేరే గొడవ, దాని మీద ఆ దేశంలో రోడ్లెక్కి నిరసనలే జరిగాయి. మార్కెట్‌కు మంచిదైంది పింఛనుదారుకు మంచిది కాకపోవచ్చు.

చివరికి మిగిలేది చిన్న దేశాల సమస్య. పది కంపెనీలు కూడా లేని చోట ఎక్స్‌ఛేంజ్ పెడితే షేర్లు వారానికోసారి చేతులు మారతాయి, కంప్యూటర్లూ అధికారుల జీతాలూ మాత్రం రోజూ ఖర్చే. పశ్చిమాఫ్రికాలో ఎనిమిది దేశాలు దీనికి కలిసికట్టుగా ఒక దారి వెతికాయి. అందరిదీ ఒకే కరెన్సీ, సీఎఫ్‌ఏ ఫ్రాంక్. అందరికీ కలిపి 1998లో ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్‌లో బీఆర్‌వీఎమ్ అనే ఒకే ఎక్స్‌ఛేంజ్ తెరిచారు. పాతికేళ్లు దాటినా అందులో షేర్లు నమోదైన కంపెనీలు యాభై కంటే తక్కువే. అత్యధికం ఐవరీ కోస్ట్‌వి, వాటి పక్కన సెనెగల్ టెలికాం కంపెనీ సోనాటెల్ పెద్దన్నలా కనబడుతుంది. దీన్ని వైఫల్యం అనేవాళ్లున్నారు. కానీ అదే చోట ప్రభుత్వాల బాండ్లు (అప్పు పత్రాలు) కూడా నమోదవుతున్నాయి, ఒక దేశంలో దాచుకున్న డబ్బు ఇంకో దేశపు రోడ్డుకు వెళ్తోంది. ఆ ఎనిమిదిలో ఒకటైన మాలి రాజధాని బమాకోలో విత్తనాల కంపెనీ పెట్టాలనుకునేవాడికి మాత్రం ఇప్పటికీ బ్యాంకే గతి, ఆ బ్యాంకు అడిగేది ఇప్పటికీ స్థలం కాగితాలే.